ఆక్సిజన్ తగ్గిందని శరీరానికి ఎలా తెలుస్తుంది? లేహ్‌లో దిగాక విశ్రాంతి నిజంగా అవసరమా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా విమానంలో లదాఖ్‌లోని లేహ్ వెళ్తున్నారు. అరవై రెండేళ్ళ మీ నాన్నగారు ఏళ్ళ తరబడి ప్రాణాయామం చేస్తున్నారు, నిమిషన్నర సేపు ఊపిరి బిగబట్టగలరు కాబట్టి దిగిన మర్నాడే లేహ్ కంటే చాలా ఎత్తున ఉన్న ఖార్దుంగ్ లా కనుమ చూడటానికి వెళ్ళవచ్చా అని అడిగారు. కిందటేడు వెళ్ళివచ్చిన మీ స్నేహితుడికి ఆక్సీమీటర్‌లో 84 కనిపించినా ఏ ఇబ్బందీ అనిపించలేదట, అదెలా సాధ్యమన్నారు. అసలు ఆక్సిజన్ తగ్గిన సంగతిని శరీరం ఎలా పసిగడుతుంది, ఎలా సర్దుకుంటుంది అన్నది మీ మూడో ప్రశ్న.

నేరుగా చెప్పాలంటే, మర్నాడే వెళ్ళకూడదు. విమానంలో లేహ్‌లో దిగినవారు కనీసం 48 గంటలు ఊళ్ళోనే విశ్రాంతిగా ఉండాలి. మీ నాన్నగారి వయసులో మూడో రోజు కూడా అక్కడే ఉంటే ఇంకా మంచిది. ఊపిరి బిగబట్టే సామర్థ్యం, వ్యాయామం వల్ల వచ్చిన దారుఢ్యం, మనోబలం ఈ గడువును తగ్గించవు. ఆక్సిజన్ తగ్గిన సంగతి శరీరానికి క్షణాల్లోనే తెలుస్తుంది కానీ, ఆ తెలిసిన సంగతిని అది మన మనసుకు సరిగా చెప్పదు. పైగా తెలిసిన వెంటనే చేయగలిగిన పని కొంతే ఉంటుంది, మిగిలినదానికి రోజులూ వారాలూ పడుతుంది. నేను శ్వాసకోశ వ్యాధుల వైద్యుణ్ణి. ఇప్పుడు కోస్తా జిల్లాల్లో పనిచేస్తున్నా, ఉద్యోగరీత్యా కొంతకాలం లదాఖ్‌లో ఉన్నాను. కింద రాసినది ఆ రెండు చోట్లా చూసిన రోగుల ఆధారంగానే రాస్తున్నాను.

మొదట ఒక అపోహ తొలగించాలి. లేహ్ గాలిలోనైనా విజయవాడ గాలిలోనైనా ఆక్సిజన్ పాలు ఒక్కటే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి పీడనం. సముద్రమట్టంలో అది 760 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం కాగా, సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో 490, 500 మధ్య ఉంటుంది. ముక్కులోకి వెళ్ళిన గాలి తడిసినప్పుడు నీటి ఆవిరి అందులో 47 మిల్లీమీటర్ల వాటా తీసేసుకుంటుంది, ఈ వాటా ఎత్తును బట్టి మారదు. ఆ లెక్కన పీల్చిన గాలిలో ఆక్సిజన్ పీడనం ఇక్కడ 150 ఉంటే లేహ్‌లో 95 ప్రాంతంలో ఉంటుంది, అంటే మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువ. రక్తంలోకి ఆక్సిజన్‌ను నెట్టేది ఈ పీడనమే కాబట్టి శరీరం గమనించవలసింది కూడా దీన్నే.

గమనించే అవయవం మెడలో ఉంది. మెదడుకు రక్తం తీసుకువెళ్ళే కెరోటిడ్ ధమని దవడ కింద రెండుగా చీలే చోట, రెండు వైపులా, బియ్యపు గింజంత పరిమాణంలో కెరోటిడ్ బాడీ అనే కణజాలం ఉంటుంది. దీని నిర్మాణాన్ని 1920లలో స్పెయిన్ శాస్త్రవేత్త ఫెర్నాండో డి కాస్ట్రో వివరించి, ఇది రక్తం రుచి చూసే అవయవమై ఉంటుందని ఊహించారు. బెల్జియంకు చెందిన కార్నెయ్ హేమాన్స్ ఆ సంగతిని ప్రయోగాలతో నిరూపించి 1938 నోబెల్ బహుమతి అందుకున్నారు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం పడిపోగానే ఇందులోని గ్లోమస్ కణాల పొరలో పొటాషియం బయటికి పోయే ద్వారాలు మూసుకుంటాయి, కణంలో విద్యుదావేశం మారి కాల్షియం లోపలికి వస్తుంది, కణం తన రసాయన సంకేతాన్ని విడుదల చేస్తుంది. ఆ సంకేతం నరం ద్వారా మెదడు కాండానికి చేరి శ్వాస వేగాన్నీ లోతునూ పెంచుతుంది. ఇదంతా కొద్ది సెకన్లలో జరిగిపోతుంది.

అయితే ఈ స్పందన ఆక్సిజన్ తగ్గినకొద్దీ సమంగా పెరగదు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం మామూలు స్థాయి అయిన 95 నుంచి 60కి దిగేదాకా కెరోటిడ్ బాడీ పెద్దగా చలించదు, అక్కడి నుంచి కిందికి దిగితే మాత్రం గట్టిగా స్పందిస్తుంది. 60 వద్ద కూడా హిమోగ్లోబిన్ దాదాపు 90 శాతం నిండే ఉంటుంది కాబట్టి అంతవరకు ఆందోళన పడనవసరం లేదన్నది ఇందులోని ఔచిత్యం.

ఇప్పుడు మీ స్నేహితుడి 84 సంగతికి వస్తాను. ఊపిరాడటం లేదన్న బాధ ప్రధానంగా ఆక్సిజన్ లేమి వల్ల కలిగేది కాదు. అది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్లా, ఊపిరితిత్తులు బిగుసుకుని శ్వాస తీయడానికి శ్రమ పడవలసి రావడం వల్లా కలుగుతుంది. మెదడు కాండంలోని గ్రాహకాలు కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగినా వెంటనే కలవరపడతాయి. ఎత్తైన చోట జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కెరోటిడ్ బాడీ శ్వాసను పెంచడం వల్ల కార్బన్ డయాక్సైడ్ మామూలు కంటే ఎక్కువగా బయటికి పోతుంది, ఊపిరితిత్తులు మెత్తగానే ఉంటాయి, అందువల్ల ఆక్సిజన్ ఎంత తగ్గినా మనిషికి హాయిగానే ఉండవచ్చు. కోవిడ్ కాలంలో ఆక్సిజన్ 80కి పడిపోయినా ఫోన్‌లో మాట్లాడుతూ కూర్చున్న రోగులను మనమందరం చూశాం, పత్రికలు దాన్ని హ్యాపీ హైపాక్సియా అన్నాయి. చాలామందిలో అక్కడ జరిగినదీ ఇదే: వ్యాధి తొలిదశలో ఊపిరితిత్తులు ఇంకా బిగుసుకోలేదు, కార్బన్ డయాక్సైడ్ సులువుగా బయటికి పోతూనే ఉంది.

ఈ విషయం ఎంత ప్రమాదకరమో 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్స్‌లో తెలిసింది. జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు 8,000 మీటర్లు దాటి వెళ్ళారు. వెంట ఆక్సిజన్ సంచులు ఉన్నాయి. క్రోచె స్పినెల్లి, సివెల్ చనిపోయారు, గాస్తోన్ తిస్సాందియే మాత్రం బతికి బయటపడి ఆ అనుభవాన్ని రాశారు. పైన తనకు బాధేమీ కలగలేదని, పైగా లోలోపల ఒక సంతోషం నిండిందని, ఆక్సిజన్ గొట్టం అందుకోవాలనుకునేసరికి చేతులు కదలలేదని అందులో ఉంది. మన ఊళ్ళలో వాడుకలో లేని బావిలోకో సెప్టిక్ ట్యాంకులోకో దిగిన మనిషి కుప్పకూలడం, అతన్ని కాపాడబోయి మరొకరు దిగి చనిపోవడం తరచుగా వార్తల్లో వస్తుంటుంది. వాటిలో విషవాయువుల పాత్ర ఉన్నా, ఆక్సిజన్ లేని గాలిని రెండు మూడు సార్లు పీల్చేసరికే స్పృహ పోతుందన్నది కూడా కారణమే. ఇబ్బందిగా అనిపిస్తే పైకి వచ్చేద్దాంలే అనుకుని దిగుతారు, ఆ ఇబ్బంది అనిపించే వ్యవధి వాళ్ళకు దొరకదు.

కాబట్టి ఏమీ అనిపించకపోవడం క్షేమానికి రుజువు కాదు. అలాగని 84 అన్న అంకె ఒక్కటే ప్రమాదానికి రుజువూ కాదు. లేహ్‌లో దిగిన మొదటి రోజు ఆరోగ్యవంతుల్లోనూ 85 నుంచి 92 వరకు కనిపించడం మామూలే.

ప్రాణాయామం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కుంభకంలో అలవాటయ్యేది ప్రధానంగా పెరుగుతున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఓర్చుకోవడం. నిండుగా గాలి పీల్చి బిగబట్టినప్పుడు ఊపిరితిత్తుల్లోని నిల్వ వల్ల మొదటి నిమిషంలో ధమని రక్తంలో ఆక్సిజన్ అంతగా తగ్గదు. ఆ కాస్త తగ్గుదలకు మూత్రపిండాలు గానీ ఎముక మజ్జ గానీ స్పందించవు, వాటికి గంటల తరబడి కొనసాగే లేమి కావాలి. నెమ్మదిగా, లోతుగా, బిగబట్టకుండా శ్వాస తీస్తే మాత్రం ఎత్తైన చోట శాచురేషన్, అంటే ఆక్సీమీటర్ చూపే శాతం, కొన్ని అంకెలు పెరుగుతుంది, ఎందుకంటే శ్వాసనాళాల్లోనే తిరిగి వ్యర్థమయ్యే గాలి వాటా తగ్గుతుంది. మీ నాన్నగారు లేహ్‌లో అలా నిశ్చింతగా చేసుకోవచ్చు. భస్త్రిక చేసి వెంటనే కుంభకం పట్టడం మాత్రం అక్కడ వద్దు. వేగంగా శ్వాసించి కార్బన్ డయాక్సైడ్‌ను ఊడ్చేసి ఆపైన ఊపిరి బిగబడితే, హెచ్చరించవలసినది ముందే పోయింది కాబట్టి మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. నీటి అడుగున ఈత పందేలు వేసుకునే కుర్రవాళ్ళు మునిగిపోవడంలోనూ ఈ కారణం ఉంటుంది.

ఇక సర్దుబాటు. మొదటి గంటల్లో గుండె వేగం పెరుగుతుంది, శ్వాస పెరుగుతుంది. కానీ శ్వాస పెరగవలసినంత పెరగదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోవడంతో రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది, అది చూసి మెదడు కాండం శ్వాసను వెనక్కి లాగుతుంది. మెడలోని గ్రాహకం పెంచమంటుంటే మెదడులోని గ్రాహకం తగ్గించమంటుంది. ఈ తగువును తీర్చేవి మూత్రపిండాలు. అవి బైకార్బనేట్‌ను మూత్రంలోకి వదిలి రక్తాన్ని మళ్ళీ సమస్థితికి తెస్తాయి, ఆ పని మొదటి రోజే మొదలైనా కుదుటపడటానికి చాలా రోజులు పడుతుంది. ఇదే కాలంలో కెరోటిడ్ బాడీ కూడా మరింత సున్నితమవుతుంది. రెండు రోజుల విశ్రాంతి అడిగేది ముఖ్యంగా ఈ పనికే. కొత్తగా వచ్చినవారికి మూత్రం ఎక్కువగా పోతుంటే నేను సంతోషిస్తాను, అది సర్దుబాటు సాగుతున్నదనడానికి గుర్తు.

డయామాక్స్ అనే పేరుతో దొరికే అసిటజోలమైడ్ చేసేది కూడా దీన్నే వేగవంతం చేయడం. మూత్రపిండాల చేత బైకార్బనేట్‌ను వదిలించి శ్వాస మీది పగ్గాన్ని సడలిస్తుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ప్రయాణానికి ముందు రోజు నుంచి పైకి చేరిన రెండో రోజు వరకు ఇస్తాం. వేళ్ళు తిమ్మిరెక్కినట్టు ఉంటాయి, సోడా చప్పగా అనిపిస్తుంది, భయపడనవసరం లేదు. సల్ఫా మందులకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవారు తమ వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకూడదు. మీ నాన్నగారికి నేనైతే ఇస్తాను, కానీ ఆయన వాడే మందులేమిటో మీరు రాయలేదు.

రాత్రిపూట ఒక దృశ్యం మిమ్మల్ని భయపెట్టవచ్చు కాబట్టి ముందే చెబుతున్నాను. నిద్రలో ఆయన కొన్ని సార్లు గట్టిగా శ్వాసించి, ఆపైన పది పదిహేను సెకన్లు శ్వాస పూర్తిగా ఆపేసి, మళ్ళీ గట్టిగా మొదలుపెట్టవచ్చు. ఇది పైన చెప్పిన తగువు నిద్రలో బయటపడే తీరు. హోటల్ నుంచి అర్ధరాత్రి భర్తను ఆసుపత్రికి తీసుకువచ్చిన ఒక కాకినాడ మహిళకు ఈ సంగతి చెప్పి పంపించాం, అదే ఇద్దరికీ కావలసిన వైద్యం.

శరీరం చేసే సర్దుబాట్లన్నీ మనకు మేలు చేయవు. ఊపిరితిత్తుల్లో ఏదైనా భాగానికి గాలి అందకపోతే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని, గాలి అందే భాగాలకు రక్తాన్ని మళ్ళిస్తాయి. ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే శాస్త్రవేత్తలు 1946లో వివరించిన ఈ ఏర్పాటు న్యుమోనియాలో ఎంతో ఉపకరిస్తుంది. ఎత్తైన చోట మాత్రం మొత్తం ఊపిరితిత్తికే ఆక్సిజన్ తక్కువ కాబట్టి అన్ని చోట్లా నాళాలు ముడుచుకుంటాయి, మళ్ళించడానికి చోటుండదు, పీడనం పెరుగుతుంది. కొందరిలో నాళాలు ముడుచుకోవడం అసమానంగా ఉండి, తెరిచి ఉన్న నాళాల మీద భారమంతా పడి, సన్నటి కేశనాళికల గోడలు తట్టుకోలేక నీరు గాలిగదుల్లోకి చిమ్ముతుంది. దీన్ని హేప్ అంటాం. 1962 చైనా యుద్ధ కాలంలో మైదానాల నుంచి హఠాత్తుగా హిమాలయాలకు తరలించిన మన సైనికుల్లో ఇది చాలామందిని బలిగొంది. ఆ సైనికులకు వైద్యం చేసిన ఇందర్ సింగ్ బృందం 1960లలో ప్రచురించిన వ్యాసాలను ఈ రంగంలో ఇప్పటికీ చదువుతారు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి వారు 1969లో వర్ణించిన 1,925 మందీ దారుఢ్యం ఉన్న సైనికులేనన్నది గమనించండి.

నేను చూసిన ఒక రోగి కరీంనగర్ యువకుడు, రోజూ జిమ్‌కు వెళ్ళేవాడు. దిగిన మర్నాడు బైకు మీద ఖార్దుంగ్ లా ఎక్కి దిగి, తలనొప్పికి మాత్ర వేసుకుని, సాయంత్రం బజారు తిరిగాడు. మూడో రోజు తెల్లవారుజామున పడుకుంటే ఆయాసం, కూర్చుంటే పొడిదగ్గు, ఆక్సీమీటర్‌లో 58. ఆక్సిజన్, రక్తనాళాలను సడలించే నిఫెడిపిన్ మందుతో మర్నాటికి తేరుకున్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. మొదటి సాయంత్రం దారుఢ్యం ఉన్నవాడికి బాగానే ఉంటుంది, అదే అతన్ని ఎక్కువ తిప్పుతుంది.

కెరోటిడ్ బాడీ కాక మరో కొలమానం ప్రతి కణంలోనూ ఉంది. హిఫ్ అనే ప్రోటీన్ కణంలో నిరంతరం తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ తగినంత ఉన్నప్పుడు ఒక ఎంజైము ఆ ఆక్సిజన్‌నే వాడుకుని దాని మీద గుర్తు వేస్తుంది, ఆ గుర్తు చూసి కణం దాన్ని నిమిషాల్లో ధ్వంసం చేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, హిఫ్ మిగిలిపోయి కేంద్రకంలోకి వెళ్ళి వందల జన్యువులను మేల్కొల్పుతుంది. దీన్ని విప్పిచెప్పినందుకు గ్రెగ్ సెమెంజా, పీటర్ రాట్‌క్లిఫ్, విలియం కేలిన్‌లకు 2019 నోబెల్ వచ్చింది. మూత్రపిండాల్లో ఇది మేల్కొల్పే ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్ కొన్ని గంటల్లోనే రక్తంలో పెరిగి ఎముక మజ్జకు కబురు పంపుతుంది, కానీ ఎర్రకణాలు చెప్పుకోదగినంత పెరగడానికి వారాలు కావాలి. లేహ్‌లో మూడో రోజు పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపించేది రక్తంలో నీరు తగ్గడం వల్లే.

ఈ రెండు గ్రాహకాలు చూసేవి వేర్వేరు. కెరోటిడ్ బాడీ ఆక్సిజన్ పీడనాన్ని చూస్తుంది, మూత్రపిండం తనకు అందుతున్న మొత్తం ఆక్సిజన్ సరఫరాను చూస్తుంది. హిమోగ్లోబిన్ 6 ఉన్న ఒక మహిళ ఆక్సీమీటర్‌లో 98 చూపించి నాకేం లోటు లేదుగా అన్నారు. ఆమె రక్తంలో ఆక్సిజన్ పీడనం బాగానే ఉంది, ఉన్న కొద్దిపాటి హిమోగ్లోబిన్ నిండే ఉంది, కాబట్టి మెడలోని గ్రాహకానికి ఫిర్యాదు లేదు. మూత్రపిండాలు మాత్రం ఎరిత్రోపాయిటిన్‌ను ఎడతెగకుండా వదులుతూనే ఉంటాయి. అలాంటివారు ఆ అంకెను నమ్ముకుని లేహ్ బయలుదేరకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు పడినవారి పరిస్థితి దీనికి మరో కొస. అక్కడ కబురు పంపవలసిన అవయవమే దెబ్బతిన్నది, అందుకే రక్తహీనత. ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు ఆ కొరతను పూడుస్తాయి. మన దేశంలో 2022లో అనుమతి పొందిన డెసిడుస్టాట్ మాత్ర పైన చెప్పిన గుర్తు వేసే ఎంజైమునే అడ్డుకుని, ఆక్సిజన్ తగ్గిందని శరీరాన్ని నమ్మిస్తుంది.

రక్తం ఎంత చిక్కబడితే అంత మేలని కూడా అనుకోవద్దు. టిబెట్ వాసుల్లో హిఫ్ కుటుంబానికి చెందిన ఈపాస్1 జన్యువు భిన్నంగా ఉండి, నాలుగు వేల మీటర్ల ఎత్తులోనూ హిమోగ్లోబిన్‌ను అదుపులో ఉంచుతుందని 2010లో తెలిసింది. పెరూ, బొలీవియా పర్వతవాసుల్లో అది బాగా పెరుగుతుంది, వారిలోనే కొందరికి రక్తం మరీ చిక్కబడి మోంగె వ్యాధి వస్తుంది.

మీ ప్రయాణానికి నా సలహా ఇది. వీలైతే విమానంలో శ్రీనగర్ వెళ్ళి, కార్గిల్‌లో ఒక రాత్రి ఆగి, రోడ్డు మీద లేహ్ చేరండి. శ్రీనగర్ 1,600 మీటర్లు, కార్గిల్ 2,700 మీటర్ల దరిదాపుల్లో ఉంటాయి కాబట్టి శరీరానికి గడువు దొరుకుతుంది. మనాలి దారి ఇలాంటిది కాదు, అందులో చాలామంది రాత్రి ఆగే సర్చు లేహ్ కంటే ఎత్తైనది. ఆక్సీమీటర్ తీసుకువెళ్ళండి, కానీ వేలు వెచ్చబరచుకుని, ఐదు నిమిషాలు కూర్చున్నాక, రోజుకు రెండుసార్లు చూస్తే చాలు. ఒక్క అంకెను కాక, రోజురోజుకూ పెరుగుతున్నదా పడుతున్నదా, పక్కవారి కంటే బాగా తక్కువగా ఉందా అన్నది చూడండి. కూర్చున్నా ఆయాసం, తగ్గని తలనొప్పితో వాంతులు, గీత మీద అడుగు వెనుక అడుగు వేయలేక తూలడం, మాటల్లో తడబాటు, వీటిలో ఏది కనిపించినా అంకె ఎంత ఉన్నా పైకి వెళ్ళవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

గుండె వైఫల్యం, సీఓపీడీ అనే దీర్ఘకాలిక శ్వాసనాళాల జబ్బు, ఊపిరితిత్తుల నాళాల్లో అధిక పీడనం ఉన్నవారు తమ వైద్యుడి అనుమతి లేనిదే బయలుదేరకూడదు. ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికీ ఇదే మాట. ఒక్క జన్యువు మాత్రమే ఉన్న వాహకుల్లో కూడా ఎత్తైన చోట ప్లీహం దెబ్బతిన్న సందర్భాలున్నాయి కాబట్టి, పాడేరు, అరకు, ఆదిలాబాద్ ప్రాంతాల కుటుంబాలవారు ముందుగా పరీక్ష చేయించుకోవడం మంచిది.

రాత్రి పడుకునే ఎత్తే ముఖ్యం, పగలు దాటే కనుమ అంతగా కాదు. ఆ లెక్కన విశ్రాంతి తర్వాత నుబ్రా లోయ మంచి ఎంపిక, అక్కడి హుందర్ లేహ్ కంటే తక్కువ ఎత్తులో ఉంది. పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్లకు పైబడి ఉంటుంది. అక్కడ రాత్రి బస ఐదో రోజుకు ముందు పెట్టుకోకండి. అర్ధరాత్రి ఎవరికైనా జబ్బుచేస్తే కిందికి తీసుకువెళ్ళాలన్నది సూత్రమే కానీ, పాంగాంగ్ నుంచి లేహ్ రావాలంటే ముందు 5,300 మీటర్ల పైన ఉన్న చాంగ్ లా ఎక్కాలి. మీ నాన్నగారితో వెళ్తే పాంగాంగ్ చూసి చీకటి పడేలోగా లేహ్‌కు తిరిగివచ్చేలా బండి మాట్లాడుకోండి, బండిలో ఆక్సిజన్ సిలిండర్ ఉందో లేదో మీరే తెరిచి చూసుకోండి.